ఇన్‌చార్జి అలసట

సాయంత్రం ఆరున్నరకి వీరవేణి మొగుడి కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ముడుచుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే తెరుస్తూ, మూడో వేలి దగ్గరికి వచ్చేసరికి నిద్రలోకి జారిపోయింది. కూర్చున్నది కూర్చున్నట్టే. త్రిమూర్తులు ఆమెను లేపలేదు. ఎడంచేత్తో టీవీ సౌండు తగ్గించి, కుడిచెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంచి అలాగే కూర్చున్నాడు.

ఏడుంపావుకి ఉలిక్కిపడి లేచిందామె. "ఎంతసేపయింది?"

"ఇప్పుడే. అయిదు నిమిషాలు."

"అబద్ధాలాడకండి. వార్తలు కూడా అయిపోయాయి. లేపచ్చు కదా! నోరు పడిపోలేదుగా మీకు!"

అనేశాక నాలిక కరుచుకుంది. త్రిమూర్తులు నవ్వాడు. జనవరి నెలాఖరున ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా బజారు వీధిలో దర్జీ ఆయన. జాకెట్టు కుట్టించుకోవాలంటే పక్క ఊళ్ళనుంచి కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. "మొదటి ఆరునెలలే ముఖ్యం అమ్మా. పొద్దున అరగంట, సాయంత్రం గంట, ఒక్కరోజు మానకుండా వేళ్ళు తెరిచి మూయించాలి. తర్వాత ఎంత చేసినా పెద్దగా రాదు" అని డాక్టరు చెప్పాడు. వీరవేణి ఒక్క పూట మానలేదు. మార్చి నెలాఖరుకి త్రిమూర్తులు చొక్కా గుండీ ఒకటి నేలమీంచి తీసి చూపించాడు. ఆ రోజు ఇద్దరూ పిచ్చివాళ్ళలా నవ్వుకున్నారు.

ఏప్రిల్‌లో వీరవేణి ఆఫీసుకి ఉల్లాసం వచ్చింది. అక్కణ్ణుంచి వేళ్ళు మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది.

ఉల్లాసం అంటే ప్రభుత్వోద్యోగుల స్వస్థత, ఉత్పాదకతల పెంపు కార్యక్రమం. పేరులోనే సగం ఊపిరి పోతుంది. రాష్ట్రం మొత్తం మీద మొదటి ప్రయోగానికి వీరవేణి సీనియర్ అసిస్టెంటుగా ఉన్న పాత రికార్డుల శాఖ జిల్లా కార్యాలయాన్నే ఎంచుకున్నారు. ఇళ్ళ స్థలాల పాత కాగితాలకీ, పుట్టిన తేదీ పత్రాలకీ నకళ్ళు ఇచ్చే ఆఫీసు అది. హాల్లో బెంచీలు ఎప్పుడూ నిండే ఉంటాయి.

ఆ కార్యక్రమానికి పట్టీలు తెచ్చింది డాక్టర్ మాళవిక. రాజధానిలో ప్రయోగశాల నుంచి వచ్చిన పిల్ల, ముప్ఫై కూడా ఉండవు. అందరి మణికట్లకీ చేతి గడియారంలాంటి పట్టీలు కట్టి, అటెండరు సింహాద్రిని పిలిచింది. యాభైఅయిదేళ్ళవాడు, మోకాళ్ళ నొప్పులవాడు. "సింహాద్రిగారూ, కింద రికార్డు గది నుంచి మూడో అంతస్తుకి ఆరుసార్లు కట్టలు మోసుకురండి" అంది.

"ఆరుసార్లా! ఆరోసారికి నన్నే మోసుకురావాల్సొస్తుందమ్మా" అన్నాడతను.

వెళ్ళాడు. ఆరోసారి కట్ట దించి, ఈల వేసుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. సీట్లోంచి కదలని జూనియర్ అసిస్టెంటు కనకారావు మాత్రం పిక్కలు పట్టుకుని "అమ్మో" అన్నాడు. జిల్లా అధికారి దక్షిణామూర్తి గారు నడుం నొక్కుకున్నారు. ఒక్కొక్కళ్ళకీ కొంచెం కొంచెం లాగినట్టయింది, అంతే.

"అలసటని మనకి చెప్పేది మెదడే కదండీ. ఆ మాట ఈ పట్టీ వింటుంది. విని అందరికీ తలా కాస్త పంచుతుంది. మాయం చెయ్యదు, మాయం చెయ్యడం మావల్ల కాలేదు. పంచడం వరకే" అంది మాళవిక.

వీరవేణికి భలే నచ్చింది. ఎవరికీ మరీ ఎక్కువ కాకుండా తలా కాస్త పంచుకుంటే ఎంత బాగుంటుంది! సాయంత్రం మొగుడి చేతికి ఇంకో అరగంట ఎక్కువ ఇవ్వచ్చు. సంతోషంగా సిబ్బంది జాబితా ఆవిడే టైపు చేసి ఇచ్చింది. పొరపాటు జరిగింది అక్కడే.

ఆ ఆఫీసుకి మంజూరైన పోస్టులు పధ్నాలుగు. ఉన్న మనుషులు తొమ్మిదిమంది. మిగతా అయిదు సీట్లూ పదవీవిరమణలవల్లా బదిలీలవల్లా ఖాళీ అయ్యాయి. ఖాళీ అయినప్పుడల్లా దక్షిణామూర్తి గారు వీరవేణిని పిలిచి "ఒక్క నెల చూడమ్మా, నీకైతే నమ్మకం" అన్నారు. ఆవిడ కాదనలేదు. ఆ ఒక్క నెలలు నాలుగేళ్ళుగా సాగుతున్నాయి. పైకి వెళ్ళే ఏ జాబితాలోనూ ఖాళీ అన్న మాట రాయకూడదన్నది ఆ శాఖలో అందరికీ కంఠతా వచ్చిన సంగతి. ఖాళీ అని రాస్తే ఆ పోస్టు అక్కర్లేదని రద్దు చేసేస్తారు. అందుకని ఇన్‌చార్జి పేరు రాస్తారు. వీరవేణి కూడా అలవాటు కొద్దీ తన పేరు ఆరుచోట్ల టైపు చేసింది. ప్రయోగశాల కంప్యూటరు ఆ జాబితాని భక్తిగా చదువుకుని, అలసటని పధ్నాలుగు వాటాలు వేసి, అందులో ఆరు వాటాలు ఆమెకి కేటాయించింది.

ఇదేమీ ఆవిడకి తెలియదు. తెలిసిందల్లా మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళముందు అక్షరాలు అలుక్కుపోవడం, బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు కాళ్ళు తనవి కానట్టుండటం. తక్కిన ఎనిమిదిమందీ పెళ్ళివారిలా కళకళలాడిపోయారు. కనకారావు సాయంత్రాలు కూతురికి షటిల్ నేర్పిస్తున్నాడు. దక్షిణామూర్తి గారు ఫైళ్ళ మీద ఫైళ్ళు తేల్చి పారేస్తున్నారు. పై ఆఫీసు నుంచి అభినందన లేఖ వచ్చింది. గోడమీద ఉల్లాస సూచిక బోర్డు పెట్టారు. అందరికీ ఆకుపచ్చ రంగు, వీరవేణికి ఎరుపు.

ఎరుపు వచ్చినవాళ్ళకి ప్రత్యేక శ్రద్ధ తీసుకోవాలని నియమం. అందుకని నాలుగింటికి ఆమెను నవ్వుల క్లబ్బుకి పంపించారు. ఇరవై నిమిషాలు చేతులెత్తి హహ్హహ్హ అని నవ్వాలి. ఆ ఇరవై నిమిషాల పని ఎవరు చేస్తారు? ఆవిడే, తర్వాత కూర్చుని. తర్వాత ఒక సలహాదారు ఫోను చేసి "మేడమ్, మీకోసం మీరు కొంచెం సమయం కేటాయించుకుంటున్నారా?" అని అడిగాడు. ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. "మీరు ఫోను పెట్టేస్తే కేటాయించుకుంటాను బాబూ" అంది. దాంతో సూచిక ఇంకో రెండు పాయింట్లు పడిపోయింది.

పట్టీ తీసేద్దామా అంటే హాజరు దాంట్లోనే పడుతుంది. సెలవు పెడదామా అంటే తన సీట్లు ఎవరు చూస్తారో వాళ్ళ సంతకం కావాలి. ఆరు సీట్ల పేరు చెబితే మనుషులు వరండాలోకి జారుకునేవారు. చివరికి తన ఆరోగ్యం బాగా లేదనీ, పట్టీ నుంచి మినహాయింపు కావాలనీ అర్జీ రాసి తపాలులో వేసింది. మూడోరోజు సింహాద్రి ఆ అర్జీనే తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి, నా దగ్గరికే తెచ్చావ్?"

"సిబ్బంది సంక్షేమం సీటుకి రాశారమ్మా. ఆ సీటు ఇన్‌చార్జి మీరే కదా."

ఎవరి అర్జీ మీద వాళ్ళే నిర్ణయం తీసుకోకూడదని కూడా నియమం ఉంది. ఆ సంగతి ఆవిడే నోటు రాసి, పరిశీలనలో ఉన్నట్టు తనకి తనే ఒక ఉత్తరం పంపించుకుంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇంటికెళ్ళి త్రిమూర్తులుకి చెబితే ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తన పిడికిలి వైపు చూసుకుని ఆగిపోయాడు. ఆ పూట కూడా ఆవిడ మూడో వేలి దగ్గరే నిద్రపోయింది.

జూన్ మూడోవారంలో లెక్కలు సరిచూడటానికి మాళవిక మళ్ళీ వచ్చింది. పలక కంప్యూటరు చూసుకుంటూ వచ్చిన పిల్ల వీరవేణి బల్ల ముందు ఆగి, తెల్లబోయిన మొహంతో కూలబడింది.

"మేడమ్, ఈ అయిదు పోస్టుల్లో మనుషులు లేరా?"

"లేరమ్మా. నేనే ఇన్‌చార్జి."

"అంటే ఈ ఆఫీసు అలసట సగానికి దగ్గర్లో... రెండున్నర నెలలుగా మీరొక్కరే..." ఆ పిల్ల పలక కంప్యూటరు బల్లమీద పెట్టేసింది. "మీరు ఎలా నిలబడ్డారు మేడమ్?"

"ఎక్కడ నిలబడ్డాను?" అంది వీరవేణి. అని, మొగుడి మూడో వేలి కథంతా ఆ పిల్లకి చెప్పుకొచ్చింది. డాక్టరు చెప్పిన ఆరునెలల్లో ఇంకా అయిదు వారాలు ఉన్నాయి.

విషయం ఆఫీసంతా తెలిసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. కనకారావొక్కడు దగ్గరికొచ్చి, "మా పాప ఇప్పుడిప్పుడే ఆట పట్టుకుంటోందండీ" అని, తనేమన్నాడో తనకే అర్థమై తల దించుకుని వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆవిడకి ఓపిక లేదు.

మాళవికని వెంటబెట్టుకుని దక్షిణామూర్తి గారి గదికెళ్ళింది. "జాబితా మార్చి ఇవ్వండి సార్, ఒక్క పూటలో సరిచేస్తాను. ఆ అయిదు చోట్లా ఖాళీ అని రాస్తే చాలు" అంది మాళవిక.

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "ఖాళీ అని రాయడమా! అయిదు పోస్టులు ఎగిరిపోతాయమ్మా! మళ్ళీ పుట్టించాలంటే నా తరం కాదు."

"ఆవిడ ఆరోగ్యం పాడవుతోంది సార్."

"పాడవకూడదనే కదమ్మా ఈ కార్యక్రమం పెట్టింది!"

వీరవేణికి నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఏడుపు చూసి ఆయన కంగారుపడ్డారు. "ఉండమ్మా, ఉండు, ఆలోచిద్దాం. డాక్టరమ్మా, ఆ పోస్టుల పట్టీలు అయిదూ బీరువాలోనే ఉన్నాయి కదా. వాటిని వేరే ఎవరికైనా కట్టచ్చా?"

"మనిషై ఉంటే చాలు సార్. పట్టీ కట్టుకున్నవాళ్ళకి ఆ వాటా వెళ్తుంది."

దక్షిణామూర్తి గారు తలుపు సందులోంచి హాల్లోకి చూశారు. బెంచీల నిండా జనం. "వీళ్ళున్నారుగా! పొద్దున్నుంచి సాయంత్రందాకా ఊరికే కూర్చునేవాళ్ళేగా. తలా ఒక గంట కట్టుకుంటే ఏం పోతుంది? ప్రజల భాగస్వామ్యం అని రాయండి. పైవాళ్ళు కూడా మెచ్చుకుంటారు."

ఆ ఉత్తర్వు మీద సంతకం సంక్షేమం సీటుదే. అంటే వీరవేణిది. కాగితం ముందు పెట్టుకుని పావుగంట కూర్చుంది. తన మీద పడ్డదాన్ని తీసుకెళ్ళి ఎవరో బస్సు దిగి వచ్చిన మనిషి నెత్తిన పెట్టడం పాపమని ఆవిడకి తెలుసు. అయిదు వారాలే ఉన్నాయన్నది కూడా తెలుసు. సంతకం పెట్టేసింది.

మొదటి పట్టీ నూకాలమ్మ చేతికి తనే కట్టింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చే ముసలావిడ, ఇంటి స్థలం పాత కాగితానికి నకలు కోసం తిరుగుతోంది. చేపలమ్మీ అమ్మీ అరచేతులు పగిలిపోయి ఉన్నాయి.

"ఏటమ్మా ఇది?"

"ఏం లేదు. ఆఫీసు రూలు" అంది వీరవేణి, ఆవిడ మొహం చూడకుండా. మిగతా నాలుగూ పక్క బెంచీలో వరసగా ఉన్నవాళ్ళకి కట్టి, గబగబా వచ్చి తన సీట్లో కూర్చుంది. సిగ్గుతో మొహం కాలిపోతోంది. ఇంక తేలికపడుతుందని ఎదురుచూసింది.

పది నిమిషాలు గడవకుండానే కనకారావు కళ్ళజోడు తీసి బల్లమీద తల వాల్చేశాడు. టైపు చేస్తున్న అమ్మాయి చేతులు కిందికి వేలాడేసింది. సింహాద్రి మెట్లమీద చతికిలబడి "దేవుడా" అన్నాడు. లోపలి గదిలోంచి దక్షిణామూర్తి గారి కేక వినిపించింది. బయటికి రాబోయి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. "ఏమిటిది? యంత్రం చెడిపోయిందా?"

మాళవిక తెర మీద అంకెలు మూడుసార్లు చూసింది. "యంత్రం బాగానే ఉంది సార్. ఆ అయిదుగురి దగ్గర ఉన్నది ఇప్పుడు అందరికీ వచ్చింది. మీ తొమ్మిదిమందిదీ కలిపినా వాళ్ళదాంట్లో సగం లేదు."

కనకారావు తల ఎత్తకుండానే, "ఏం పని చేసొచ్చారు వీళ్ళు?" అన్నాడు.

నూకాలమ్మకి ఆ మాట వినపడింది. "ఏం పని చేస్తాను బాబూ? మీ ఆఫీసుకే వచ్చేను. ఇది ఏడోసారి. తెల్లారకముందే లేచి, ఆటో ఎక్కి, బస్సు ఎక్కి, బస్సు దిగి నడిచి వస్తాను. మీరు రేపు రమ్మంటారు. మళ్ళీ వస్తాను." అంటూనే భుజాలు ఇటూ అటూ కదిపి చూసుకుంది. "ఇయ్యాలేటో గానీ ఒళ్ళు తేలిగ్గా ఉంది."

దక్షిణామూర్తి గారు పట్టీలు విప్పెయ్యమన్నారు గానీ మాళవిక అడ్డం పడింది. "ఉత్తర్వు ప్రకారం గంట ఉండాలి సార్. తప్పితే ప్రయోగం పాడైందని నేను పైకి రాయాలి." ఆ పిల్ల కళ్ళలో కసి చూసి వీరవేణి ఆశ్చర్యపోయింది.

"అయితే దీనికి విరుగుడేమిటి తల్లీ?" అన్నారాయన, నడుం పట్టుకుని.

చెప్పింది వీరవేణి. "వాళ్ళ పని చేసి పంపించెయ్యడమేనండి. ఏడోసారి వచ్చిన మనిషి ఎనిమిదోసారి వస్తే ఇంకా ఎక్కువుంటుంది."

ఆ పూట నూకాలమ్మ ఫైలు కోసం కనకారావు రికార్డు గదిలోకి తనే దిగాడు. కట్ట దొరికింది. నాలుగేళ్ళుగా అది ఉన్నచోటే ఉంది, ఎవరూ దిగలేదంతే. సాయంత్రం నాలుగింటికి ఆవిడ నకలు కాగితం కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది కాబట్టి ఆవిడ చేతి పట్టీ పక్కనున్న రైతుకి కట్టారు. ఆయన అయిదోసారి వచ్చాడు. అందరూ ఇంకో మెట్టు కుంగారు, అందరూ కలిసి ఆయన కాగితం వెతికారు. ఇలా రెండు వారాలు నడిచింది. తిట్టుకుంటూ, మూలుగుతూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటూ చేశారు. కనకారావు కూతురి ఆట ఆగిపోయింది. కానీ హాల్లో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. వచ్చినవాళ్ళు మొదటిసారి వచ్చినవాళ్ళే కావడంతో వాళ్ళ దగ్గర్నుంచి వచ్చే బరువూ తగ్గింది.

వీరవేణి కూడా అలిసిపోయింది, అందరిలాగే. ఆ అందరిలాగే అన్నది ఆమెకి పండగలా ఉంది. సాయంత్రాలు మెలకువగా ఉండగలిగింది. అయిదో వేలిదాకా వెళ్ళి మళ్ళీ మొదటి వేలినుంచి మొదలుపెట్టగలిగింది.

మూడో వారంలో పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఉల్లాస సూచిక దారుణంగా పడిపోయినట్టు గమనించామనీ, ప్రజల అలసట ఈ శాఖ పరిధిలోకి రాదనీ, సందర్శకులకు పట్టీలు కట్టడం అధికార దుర్వినియోగమనీ, దానికి జిల్లా అధికారి వారంలోగా సంజాయిషీ ఇవ్వాలనీ అందులో రాశారు. ఆఖరి పేరాలో కార్యక్రమం విజయవంతంగా ముగిసిందని ఉంది. పట్టీలు గోనెసంచీలో వేసి పంపించేశారు. మాళవిక వెళ్ళేముందు వీరవేణి చేతులు రెండూ పట్టుకుని నిలబడింది. "నీ తప్పేం లేదులే అమ్మా, జాబితా టైపు చేసింది నేనేగా" అంది వీరవేణి.

మర్నాడు ఆవిడ అయిదు సీట్ల బీరువా తాళాలూ తీసుకెళ్ళి దక్షిణామూర్తి గారి బల్లమీద పెట్టింది.

"ఇవేంటమ్మా? ఎవరు చూస్తారు వీటిని?"

"ఎవరూ చూడరండి. ఖాళీ అని రాయండి."

"పోస్టులు పోతాయమ్మా!"

"పోనివ్వండి సార్. నాలుగేళ్ళ కిందటే పోయాయి. నేను అడ్డంగా కూర్చోబట్టి మీకు కనపడలేదు."

ఆయన ఏదో అనబోయారు. ఆవిడ ఆగలేదు. అయిదింటికి సంచీ భుజాన వేసుకుని బస్సెక్కింది.

జూలై ఇరవైతొమ్మిదిన డాక్టరు త్రిమూర్తులు చెయ్యి చాలాసేపు పరీక్ష చేశాడు. నాలుగు వేళ్ళు తెరుచుకున్నాయి, మూసుకుంటున్నాయి. బొటనవేలు మాత్రం అరచేతికి అతుక్కుపోయి ఉంది. "ఇక ఇంతే అనుకోండి. ఇంతవరకు వచ్చిందంటే మీ చలవే అమ్మా" అన్నాడు.

"ఏప్రిల్ నుంచి ఆపకుండా చేసుంటే?"

డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు. "చెప్పలేం. వచ్చి ఉండేదేమో."

ఆస్పత్రి బయట త్రిమూర్తులు ఆమెకు ధైర్యం చెప్పబోయాడు. "నాలుగు వేళ్ళొచ్చాయి కదే. అన్నం కలుపుకుంటాను, గొడుగు పట్టుకుంటాను. ఇంకేం కావాలి?"

"కత్తెర!" అని అరిచిందావిడ. రోడ్డు మీద జనం ఆగి చూశారు. "కత్తెర పట్టుకోవద్దూ మీరు? బొటనవేలు లేకుండా ఎలా పట్టుకుంటారు? నాకు సర్దిచెప్పకండి! అందరూ నాకు సర్దిచెప్పేవాళ్ళే!" ఆటో స్టాండు పక్కన నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఎడంచెయ్యి ఆమె వీపు మీద వేసి నిలబడ్డాడు.

ఆగస్టు మొదటి వారంలో సింహాద్రి అందరి బల్లల మీదా ఒక్కో కాగితం పెట్టుకుంటూ వచ్చాడు. ఉల్లాసం కార్యక్రమం మీద సిబ్బంది అభిప్రాయ సేకరణ. పేరు, హోదా, సూచిక, అన్నీ పూర్తిచేసిన తర్వాత అడుగున ఒక ప్రశ్న ఉంది. కార్యక్రమం వల్ల మీకూ, మీ కుటుంబానికీ కలిగిన మేలును రెండు వాక్యాలకు మించకుండా రాయండి.

వీరవేణి ఆ ప్రశ్నని రెండుసార్లు చదివింది. కనకారావు పక్కనుంచి "ఏదో ఒకటి రాసి పడేద్దురూ, మళ్ళీ గుర్తుచేస్తూ ఇంకో కాగితం పంపిస్తారు" అన్నాడు. ఆవిడ కలం మూత తీసింది.

నా భర్త దర్జీ. ఆయన కుడిచేతి బొటనవేలు కదలదు.

ఇంకా చాలా రాయాలని ఉంది ఆవిడకి. రెండు వాక్యాలన్నారు కాబట్టి అంతటితో ఆపి సంతకం పెట్టింది.